412 ఆలోచనలు, ఒక్క ఫోన్ కాల్ లేదు

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. ఉద్యోగం చేస్తూనే సొంతంగా ఏదైనా వ్యాపారం మొదలుపెట్టాలన్న కోరిక చాలాకాలంగా ఉంది. ఆలోచన తట్టగానే ఫోన్‌లో రాసుకోవాలని ఎక్కడో చదివి, మూడేళ్లుగా మానకుండా రాస్తున్నాను. మొదట గూగుల్ కీప్‌లో రాశాను, తర్వాత నోషన్‌కు మారాను, ఈమధ్య అబ్సిడియన్ మొదలుపెట్టాను. మొన్న లెక్కపెడితే మూడింటిలో కలిపి 412 తేలాయి. ఒక్కటీ పనిలోకి రాలేదు. సగానికి అర్థమేమిటో నాకే తెలియడం లేదు. ఉదాహరణకు ఈ అయిదు చూడండి: 'బ్యాటరీ చందా', 'నిచ్చెన అద్దెకు', 'మందుల పెట్టె – మోత', 'ఫారాలు నింపిపెట్టడం', 'పెద్దవాళ్లకు ఫోన్ నేర్పడం'. మొదటిది మా నాన్నగారి వినికిడి యంత్రం గురించే అయ్యుండాలి, కానీ ఆరోజు ఏం తట్టిందో గుర్తు రావడం లేదు. ఎవరైనా కాపీ కొడతారేమోనని వీటి గురించి ఎవరికీ చెప్పలేదు. ఏ యాప్ వాడితే ఇవి పనిలోకి వస్తాయి?
– ఒక పాఠకురాలు

సమాధానం: మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. రెండోసారి చదివేటప్పుడు ఒకే ఒక్క వాక్యం కోసం వెతికాను: ఈ మూడేళ్లలో, ఈ 412 ఆలోచనల్లో ఏదో ఒకదాని గురించి ఫలానా మనిషిని ఫలానా ప్రశ్న అడిగాను అనే వాక్యం. అది ఎక్కడా కనబడలేదు. ఉన్నదల్లా రాసుకోవడం, రాసుకున్నదాన్ని ఒక యాప్ నుంచి మరో యాప్‌కు మోసుకెళ్లడం, చివరికి లెక్కపెట్టుకోవడం. ఏ యాప్ మంచిదన్న మీ ప్రశ్నకు జవాబు తప్పకుండా చెబుతాను కానీ, మీ ఇబ్బంది అక్కడ లేదని నాకు గట్టిగా అనిపిస్తున్నందువల్ల దాన్ని చివరికి ఉంచుతున్నాను.

యాప్ మార్చడంలో ఒక మాయ ఉంది. కొత్తదానిలో ఫోల్డర్లు పెట్టుకోవడం, ట్యాగులు తగిలించడం, పాతవాటిని తెచ్చి వరుసగా సర్దడం చేస్తున్నంతసేపూ వ్యాపారానికి సంబంధించిన పనే చేస్తున్నట్టు ఉంటుంది, సాయంత్రానికి ఒళ్లు కూడా అలసిపోతుంది. ఇల్లు అలకగానే పండుగ కాదన్న సామెత ఇలాంటి ఆదివారాలను చూసే పుట్టిందేమో. నోట్స్‌ను ఒకదానితో ఒకటి ముడివేసే అబ్సిడియన్ వంటి యాప్‌ల అభిమానులు తరచుగా నిక్లస్ లూమన్ పేరు చెబుతారు. ఆ జర్మన్ సామాజిక శాస్త్రవేత్త జీవితకాలంలో దాదాపు 90,000 చీటీలు రాసి, వాటిని అంకెలతో ఒకదానికొకటి జతచేసుకున్న మాట నిజమే. అయితే ఆ చీటీల నుంచి ఆయనకు రావలసినవి పుస్తకాలు, వ్యాసాలు కాబట్టి, చీటీకి చీటీ తగిలితే ఆయన పని ముందుకు సాగేది. మీ ఆలోచన తగలవలసింది డబ్బు చెల్లించే మనిషికి, ఆ మనిషి మీ ఫోన్ బయట ఉన్నారు.

ఆలోచన రాసుకోగానే మనసు తేలికపడడం మీకు అనుభవమే అయ్యుంటుంది. 2011లో మాసికాంపో, రాయ్ బామీస్టర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రచురించిన ప్రయోగాల్లో, పూర్తికాని పని ఒకటి మనసులో ఉన్నవారికి దాని తాలూకు తలపులు వేరే పని మధ్యలో వచ్చి అడ్డుపడ్డాయి; అదే పనిని ఎప్పుడు, ఎలా చేస్తారో స్పష్టంగా నిర్ణయించుకోమన్నప్పుడు, పని ఇంకా మిగిలే ఉన్నా ఆ అడ్డు తొలగిపోయింది. అంటే మనసు ఊరుకోవడానికి పని పూర్తి కానక్కరలేదు, దానికి తగిన ఏర్పాటు జరిగిందన్న భరోసా చాలు. ఫోన్‌లో రాసుకోవడం ఆ భరోసాను ఉత్తపుణ్యానికే ఇచ్చేస్తుందని నా అనుమానం. ఏర్పాటేమీ జరగకపోయినా మీ మనసు 412 సార్లు 'సరే, ఇది ఒకచోట భద్రంగా ఉంది' అనుకుని పక్కకు తప్పుకుంది.

మరిచిపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. అదే ఏడాది బెట్సీ స్పారో, జెన్నీ లియు, డేనియల్ వెగ్నర్ 'సైన్స్' పత్రికలో ప్రచురించిన ఒక ప్రయోగంలో, కొందరిచేత చిన్నచిన్న విషయాలను కంప్యూటర్‌లో టైప్ చేయించారు. టైప్ చేసింది చెరిగిపోతుందని నమ్మినవారికి, భద్రంగా ఉంటుందని నమ్మినవారికంటే ఎక్కువ విషయాలు గుర్తున్నాయి. ఫోన్ చూసుకుంటుందిలే అన్న ధీమాతో మీరు ఆరోజు జరిగినదాన్ని మనసులో నిలుపుకోలేదు. ఫోన్‌కేమో 'బ్యాటరీ చందా' అని రెండే మాటలు అప్పగించారు. మిగతాదంతా ఆ రెండింటి మధ్యలో జారిపోయింది.

కాబట్టి ముందుగా మార్చుకోవలసింది రాసే తీరు. మీరు పంపిన అయిదింటిలోనూ ఉన్నది పరిష్కారం పేరు మాత్రమే. అది ఎవరికి, ఏ క్షణంలో అవసరమైందో వాటిలో లేదు. పరిష్కారం తట్టడానికి ముందు మీ కళ్లెదుట ఏదో జరిగి ఉంటుంది. రాయవలసింది దాన్ని. మీ నాన్నగారి విషయంలో ఏం జరిగిందో నాకు తెలియదు కనుక, ఊహించి ఒక నోట్ రాసి చూపిస్తాను.

'మంగళవారం సాయంత్రం, పళ్ల డాక్టర్ దగ్గర. నాన్న చెవి యంత్రం బ్యాటరీ అయిపోయింది. డాక్టర్ ఏం చెప్పినా వినపడినట్టు తల ఊపుతున్నారు. నా సంచిలో విడి బ్యాటరీ ఉంది కానీ అది 13 సైజు, ఆయనకు కావలసింది 312. పావుగంటసేపు చీటీ వెనక రాసి చూపించాను. ఇంటికి వచ్చి చూస్తే డ్రాయర్‌లో 312 ప్యాకెట్లు రెండు, సీల్ కూడా తీయనివి.'

ఇది రాయడానికి రెండు నిమిషాలు పడుతుంది, మాటల్లో చెప్పి రికార్డు చేస్తే ఇంకా తక్కువ. కానీ చివరి వాక్యం ఏం చేసిందో గమనించండి. ఇంట్లో బ్యాటరీలు దండిగా ఉన్నాయి. చందా కట్టి ఉంటే డ్రాయర్‌లో మూడో ప్యాకెట్ చేరేది తప్ప, ఆ సాయంత్రం మీ నాన్నగారికి డాక్టర్ మాట వినపడేది కాదు. అక్కడ కొరవడింది సరఫరా కాదు. సరైన సైజు బ్యాటరీ చేతికందే చోట లేకపోవడమే అసలు ఇబ్బంది. మీరు పేరు పెట్టిన వ్యాపారం ఒకటి, మీరు చూసిన ఇబ్బంది ఇంకొకటి. రెండు మాటల నోట్ ఈ తేడాను మూడేళ్లపాటు కప్పిపెట్టగలదు.

ఇబ్బంది సరిగ్గా కనబడ్డాక వెతకవలసిన సంగతులు కూడా మారిపోతాయి. చెవి యంత్రాల్లో వాడే చిన్న జింక్-ఎయిర్ బ్యాటరీలకు సైజును బట్టి స్టిక్కర్ రంగు ఉంటుంది: 10కి పసుపు, 312కి గోధుమ, 13కి నారింజ, 675కి నీలం. 312, 13 రెండింటి వ్యాసమూ 7.9 మిల్లీమీటర్లే, ఎత్తులో మాత్రమే తేడా ఉండడం వల్ల తొందరలో ఒకదాన్ని చూసి మరొకటి అనుకోవడం సులువు. పైగా స్టిక్కర్ తీయగానే గాలి లోపలికి పోయి బ్యాటరీ పనిచేయడం మొదలవుతుంది, మళ్లీ అంటించినంత మాత్రాన ఆగదు; అందువల్ల ముందే స్టిక్కర్ తీసి సిద్ధంగా పెట్టుకోవడానికి కూడా వీల్లేదు. ఈ మూడు సంగతులూ ఆ నోట్ కిందనే చేరాలి, వేరే ఫోల్డర్‌లో కాదు.

దానికి వ్యతిరేకంగా ఉన్న సంగతి కూడా అక్కడే చేరాలి. తన అభిప్రాయానికి ఎదురుతిరిగే విషయం ఏది కంటబడినా వెంటనే, తప్పకుండా రాసిపెట్టుకోవడాన్ని ఒక నియమంగా పాటించానని, అనుకూలమైన వాటికంటే అలాంటివే తొందరగా మనసులోంచి జారిపోతాయని చార్లెస్ డార్విన్ తన ఆత్మకథలో చెప్పుకున్నాడు. వ్యాపార ఆలోచనల విషయంలో ఇది మరీ నిజం, ఎందుకంటే మన ఆలోచన మీద మనకు ముద్దు ఎక్కువ. ఇక్కడ ఎదురు సంగతి ఏమిటంటే, ఛార్జింగ్ పెట్టుకునే చెవి యంత్రాలు చాలానే వస్తున్నాయి, వాటిలో ఈ విడి బ్యాటరీల గొడవే లేదు. ఈ ఒక్క వాక్యం చూసి ఆలోచనను చంపేయమని నేను అనను. బ్యాటరీ యంత్రాలు వాడేవారు మీకు తెలిసినవారిలో ఎంతమంది, వారు యంత్రాన్ని ఎన్నేళ్లకు మారుస్తారు అన్న ప్రశ్న మాత్రం తప్పించుకోలేనిదవుతుంది.

ఇక రాసినవాటిని బయటికి తీసే పని. వారానికి ఒకసారి, అరగంట, ఒకే రోజు ఒకే సమయానికి కూర్చోండి. దాన్ని నోట్స్ యాప్‌లో కాకుండా ఫోన్ క్యాలెండర్‌లో పెట్టుకోండి, ఎందుకంటే నోట్స్ యాప్ పిలిస్తే తప్ప పలకదు, క్యాలెండర్ తానుగా పిలుస్తుంది. ఆ అరగంటలో కొత్త ఆలోచనలు రాయకూడదు, ఫోల్డర్లు సర్దకూడదు. ఆ వారం రాసుకున్న రెండు మూడింటిని తెరిచి, ఒక్కొక్కదాన్ని ఒకే ప్రశ్న అడగాలి: రాబోయే ఏడు రోజుల్లో నేను ఎవరిని ఏమడిగితే ఈ ఇబ్బంది నిజంగా ఉందో లేదో తెలుస్తుంది? మనిషి పేరు, అడగవలసిన మాట రెండూ తడితే, అది అప్పుడే రోజు, గంటతో సహా క్యాలెండర్‌కు వెళ్లాలి. 'త్వరలో కనుక్కోవాలి' అని రాయడానికీ, 'శనివారం ఉదయం పదింటికి, నాన్నను చెకప్‌కు తీసుకెళ్లినప్పుడు, వరుసలో కూర్చున్నవారిని అడుగుతాను' అని రాయడానికీ ఎంతో తేడా ఉంది. ఎప్పుడు, ఎక్కడ, ఎలా అన్నది ముందే ముడిపెట్టుకున్న ఉద్దేశాలు ఎక్కువగా నెరవేరుతాయని పీటర్ గోల్‌విట్జర్ 1990ల నుంచి చేసిన పరిశోధన చూపుతోంది.

పేరు తట్టని నోట్‌ను విశ్రాంతి ఫోల్డర్‌లో పడేసి, మూడు నెలల తర్వాతి తేదీతో ఒక రిమైండర్ పెట్టండి. ఎదురు సంగతులే బలంగా ఉన్నదాన్ని మూసేయండి, ఎందుకు మూశారో ఒక్క వాక్యం మాత్రం రాయండి. ఆ వాక్యం లేకపోతే అదే ఆలోచన ఏడాది తర్వాత కొత్త బట్టలు కట్టుకుని మళ్లీ వస్తుంది, మీరు మళ్లీ సంబరపడతారు. నా ఫోన్‌లో చాలాకాలం 'త్వరలో' అనే ఫోల్డర్ ఒకటి ఉండేది. అందులోంచి బయటికి వచ్చినది ఒక్కటీ లేదని గ్రహించి, దాని పేరును 'ఎప్పటికీ కాదు' అని మార్చిన రోజున మాత్రం చాలా హాయిగా నిద్రపట్టింది.

అడిగే ప్రశ్న గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడే తప్పుతారు. 'ఇలాంటి సేవ ఉంటే వాడతారా?' అని అడిగితే ఎదుటివారు మీ ముఖం చూసి 'ఎందుకు వాడం, బాగుంటుంది' అంటారు. అది మర్యాద. 'పోయినసారి బ్యాటరీ అయిపోయినప్పుడు ఎక్కడున్నారు, అప్పుడేం చేశారు?' అని అడిగితే జరిగినది చెబుతారు. ఒకరు విడి బ్యాటరీని తాళాల గుత్తికి తగిలించిన డబ్బీలో పెట్టుకుంటానని చెప్పవచ్చు. మరొకరు ఆ యంత్రం పెట్టుకోవడమే మానేశానని చెప్పవచ్చు. తాళాల గుత్తి మనిషి ఇప్పటికే ఒక ఉపాయానికి డబ్బో శ్రమో ఖర్చుపెట్టారు కాబట్టి, ఇబ్బంది ఉందనడానికి సాక్ష్యం ఆయనే. వారు చెప్పినదాన్ని మీ మాటల్లోకి మార్చకుండా, వారన్నది వారన్నట్టే రాసుకోండి. రేపు మీరు ప్రకటన రాయవలసి వస్తే అందులో పనికివచ్చేవి ఆ మాటలే.

ఇలా అడిగేటప్పుడు మీ పరిష్కారం ఏమిటో చెప్పవలసిన అవసరమే రాదని గమనించారా? కాపీ భయానికి ఇది మొదటి మందు. రెండో విషయం చట్టానికి సంబంధించినది: తేదీతో సహా ఫోన్‌లో రాసిపెట్టుకున్నాను కాబట్టి ఆలోచన నాదేనన్న ధీమా చెల్లదు. పేటెంట్ల విషయంలో ముందుగా దరఖాస్తు చేసినవారికే ప్రాధాన్యం; ముందుగా కనిపెట్టినవారికి పెద్దపీట వేసిన అమెరికా కూడా 2013 మార్చి 16 నుంచి ఈ పద్ధతికే మారింది. మీ దగ్గర ఉన్నది నిజంగా కొత్త పరికరమో, కొత్త తయారీ విధానమో అయితే, బహిరంగంగా వెల్లడించకముందే పేటెంట్ వ్యవహారాలు చూసే న్యాయవాదిని కలవండి. మీరు పంపిన అయిదింటిలో మాత్రం, అలారం మోగే మందుల పెట్టెతో సహా, అంత దాచుకోవలసినది నాకు కనబడలేదు. నిచ్చెనను అద్దెకివ్వవచ్చన్న సంగతి ఇంతకుముందే చాలామందికి తట్టి ఉంటుంది.

పాత 412 సంగతి. అన్నింటినీ కూర్చుని చదవకండి, అది మరో ఆదివారాన్ని మింగేస్తుంది. గడిచిన రెండు నెలల్లో రాసినవాటిని మాత్రమే తెరవండి. మిగతావాటిని ఒకే ఫోల్డర్‌లోకి తోసేసి, సెర్చ్‌కు అందుబాటులో ఉంచండి. చెరిపేయమని చెప్పకపోవడానికి కారణం ఉంది. త్రీఎం కంపెనీలో స్పెన్సర్ సిల్వర్ 1968లో తేలికగా అంటుకుని తేలికగా ఊడివచ్చే జిగురును తయారుచేసినప్పుడు, అది దేనికి పనికివస్తుందో ఎవరికీ తోచలేదు. 1974లో అదే కంపెనీ ఉద్యోగి ఆర్ట్ ఫ్రై, చర్చి గాయకబృందంలో పాడేటప్పుడు పాటల పుస్తకంలో గుర్తుగా పెట్టుకున్న కాగితాలు జారిపోతుంటే విసిగి, ఆ జిగురును గుర్తుచేసుకున్నాడు. ఆ జిగురుతో చేసిన పోస్ట్-ఇట్ చీటీలు అమెరికా అంతటా అమ్మకానికి వచ్చింది 1980లో. ఇబ్బంది ఎదురయ్యేదాకా ఆ జిగురు ఆరేళ్లు ఊరికే పడి ఉంది. అయితే ఫ్రైకి దాని సంగతి ముందే తెలుసు కాబట్టి కథ నడిచింది. మీ పాత నోట్ మీకు దొరకాలంటే, రేపు మీరు వెతకబోయే మాటలు అందులో ఉండాలి. ఎవరూ 'చందా' అని వెతకరు. 'వినపడలేదు', 'అయిపోయింది', 'వరుసలో నిలబడ్డాం' అని వెతుకుతారు. మామూలు మాటల్లో ఇబ్బందిని రాసుకుంటే ట్యాగుల అవసరం చాలావరకు తీరిపోతుంది.

ఇప్పుడు యాప్. ఆలోచన పట్టుకోవడానికి ఒక్కటే ఉంచండి. జేబులోంచి ఫోన్ తీసిన పది సెకన్లలో రాయడం మొదలుపెట్టగలగాలి, నెట్ లేనప్పుడు కూడా రాయగలగాలి, మాట చెబితే అక్షరాలుగా మారాలి. ఈ మూడూ మీ ఫోన్‌లో ఏది సులభంగా చేస్తే అదే మంచి యాప్. 2013లో వచ్చిన గూగుల్ కీప్ మీకు అలవాటైనదే కాబట్టి దాని విడ్జెట్‌ను హోమ్ స్క్రీన్ మీద పెట్టుకుని మళ్లీ అక్కడికే వెళ్లమంటాను. నోషన్‌లోని పట్టికలు, క్యాలెండర్‌కు ఎక్కిన అయిదారు ఆలోచనల పురోగతి చూసుకోవడానికి పనికివస్తాయి. అంతవరకు వచ్చాక వాడండి. అబ్సిడియన్ మీ పరికరంలోనే మామూలు టెక్స్ట్ ఫైళ్లుగా దాచుతుంది, అది దాని గొప్ప గుణం, కానీ ప్రస్తుతానికి మీకు అది సర్దుకునే సరదాను పెంచుతుందేమోనని నా భయం.

రెండు జాగ్రత్తలు చెప్పాలి. ఆఫీసు ఇచ్చిన ఖాతాలో గానీ, ఆఫీసు ఫోన్‌లో గానీ వీటిని రాయకండి. ఆ ఖాతా యాజమాన్యం చేతిలో ఉంటుంది, ఉద్యోగం మానిన రోజున తాళం పడుతుంది. పనిలో పనిగా మీ ఉద్యోగ ఒప్పందంలో సొంత వ్యాపారాల గురించి, మీరు కనిపెట్టినవాటి హక్కుల గురించి ఏం రాసి ఉందో చదవండి. ఇక ఏ కంపెనీ యాప్ అయినా షరతులు మారుస్తుంది. గూగుల్ తన పాత నోట్‌బుక్ సేవను 2012లో మూసేసింది. ఎవర్‌నోట్ 2023 డిసెంబరులో ఉచిత ఖాతాను 50 నోట్స్‌కు, ఒకే నోట్‌బుక్‌కు కుదించింది. ఆరు నెలలకోసారి ఎక్స్‌పోర్ట్ చేసి ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి.

చివరగా, మీ అయిదింటిని మళ్లీ ఒకసారి వరుసగా చదవండి. చెవి యంత్రం బ్యాటరీ, మందుల పెట్టె, పెద్దవాళ్లకు ఫోన్ నేర్పడం. ఫారాలు నింపిపెట్టడం కూడా ఎవరి కోసమో నేను ఊహించగలను. మీరు యథాలాపంగా ఎంచిన అయిదింటిలో నాలుగు, చిన్న పరికరాలతోనూ కాగితాలతోనూ తంటాలు పడుతున్న పెద్దవారి చుట్టూ తిరుగుతున్నాయి. మీ కళ్లు మూడేళ్లుగా ఒకేచోట చూస్తున్నాయి, నిచ్చెన మాత్రం దారి తప్పి వచ్చినట్టుంది. ఈ శనివారం కొత్త నోట్ ఏదీ రాయకండి. మీ నాన్నగారి పక్కన కూర్చుని, పోయినసారి బ్యాటరీ అయిపోయినప్పుడు ఆయన ఎక్కడున్నారో, ఏం చేశారో అడగండి. ఆయనకు తెలిసినవారిలో అలాంటి యంత్రం వాడే మరో నలుగురి ఫోన్ నంబర్లు తీసుకోండి. అయిదుగురూ ఏం చెప్పారో నాకు రాస్తే, ఆ నోట్‌ను మూయాలో తెరిచి ఉంచాలో కలిసి చూద్దాం.